అద్దె గది – చట్టం – విద్యార్థి



దక్షిణ ఢిల్లీలో ఐఐటీ ప్రాంగణాన్ని ఆనుకుని జియా సరాయ్ అనే ప్రాంతం ఉంది. ఒకప్పుడు అది పల్లె. నగరం పెరిగి దాన్ని తనలో కలుపుకుంది. సీఎస్‌ఐఆర్ నెట్, గేట్ వంటి పరీక్షలకు శిక్షణ ఇచ్చే కేంద్రాలకు ఆ ఇరుకు సందులు పేరుపొందాయి. ఎమ్మెస్సీ పూర్తిచేసి అక్కడికి వెళ్ళే మన తెలుగు పిల్లలూ ఉన్నారు. రైలు దిగినవారికి మొదట కావలసింది పుస్తకం కాదు, గది. ఈ పాఠంలో ఆ గదికి సంబంధించిన చట్టాన్ని తెలుసుకుందాం.

ఒక సమస్యతో మొదలుపెడదాం. కాకినాడ నుంచి వెళ్ళిన ఒక విద్యార్థి నెలకు 9,000 రూపాయల అద్దెకు గది తీసుకున్నాడనుకోండి. రెండు నెలల అద్దె, అంటే 18,000 రూపాయలు, అడ్వాన్సు ఇచ్చాడు. కాగితం ఏదీ రాసుకోలేదు. ఏడు నెలలు గడిచాయి. పరీక్ష ఇంకా పది రోజులుందనగా, ఎక్కువ అద్దె ఇచ్చేవారు దొరికారని యజమాని రేపే ఖాళీ చేయమన్నాడు. మర్నాడు విద్యార్థి క్లాసు నుంచి వచ్చేసరికి గదికి కొత్త తాళం ఉంది. పుస్తకాలు, సర్టిఫికెట్లు లోపలే ఉన్నాయి. ఇప్పుడు అతనికి దారి ఏమిటి?

కాగితం లేకపోతే హక్కు లేదా?

ఉంది. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం ప్రకారం నెలవారీ అద్దెకు నోటిమాట ఒప్పందం కూడా చెల్లుతుంది. అయితే గదిని అద్దెదారుకు అప్పగించి ఉండాలి. అదే చట్టంలోని 106వ సెక్షన్ ప్రకారం, వేరే ఒప్పందం లేనప్పుడు నెలవారీ అద్దెను ముగించాలంటే 15 రోజుల ముందు రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి. ఇది ఇద్దరికీ వర్తిస్తుంది. యజమాని ‘రేపే పొమ్మనడం’ ఎంత తప్పో, మనం చెప్పకుండా వెళ్ళిపోవడమూ అంతే తప్పు.

అన్నిచోట్లా 11 నెలల ఒప్పందమే ఎందుకు రాస్తారో గమనించారా? ఏడాదికి మించిన లీజును రిజిస్టరు చేయించడం 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం తప్పనిసరి. ఆ ఖర్చు, శ్రమ తప్పించుకోవడానికే 11 నెలలు.

ఢిల్లీకి 1958 నాటి అద్దె నియంత్రణ చట్టం ఉంది కదా అని మీరు అడగవచ్చు. నెల అద్దె 3,500 రూపాయలు దాటితే ఆ చట్టం వర్తించదని 1988లో సవరించారు. కనుక మన విద్యార్థికి అది అక్కరకు రాదు. అడ్వాన్సు రెండు నెలల అద్దెకు మించరాదని చెప్పే నమూనా అద్దె చట్టాన్ని కేంద్ర మంత్రివర్గం 2021 జూన్ 2న ఆమోదించింది. కానీ అది పేరుకు తగ్గట్టు నమూనా మాత్రమే. రాష్ట్రం తన చట్టంగా చేసుకుంటేనే అమలవుతుంది.

లీజు, లైసెన్సు

గదిని మీ ఒక్కరి స్వాధీనానికి ఇస్తే అది సాధారణంగా లీజు. పేయింగ్ గెస్టుగా ఒక మంచం ఇచ్చి, గది అదుపు యజమాని దగ్గరే ఉంటే అది లైసెన్సు. లైసెన్సులో రక్షణ తక్కువ. అయినా రద్దు చేసినప్పుడు సామాను తీసుకుని వెళ్ళడానికి తగిన వ్యవధి ఇవ్వాలని 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టం చెబుతోంది.

కాగితం పైన ‘లైసెన్సు’ అని రాసినంత మాత్రాన అది లైసెన్సు అయిపోదు. ఢిల్లీలోని ఇంపీరియల్ హోటల్లో క్షౌరశాలకు ఇచ్చిన గదుల గురించి ఇదే వివాదం వచ్చింది. 1959లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. పత్రం పేరును కాక దాని సారాన్ని చూడాలని అందులో వివరించినవారు మన తెలుగువారైన జస్టిస్ కోకా సుబ్బారావు. ఆయన తరువాత భారత ప్రధాన న్యాయమూర్తి అయ్యారు. సీసాకు అంటించిన చీటీని బట్టి కాక, లోపలి ద్రవాన్ని పరీక్షించి పేరు పెట్టడం రసాయనశాలలో మీరు నేర్చినదే కదా!

తాళం వేయవచ్చా?

వేయకూడదు. స్థిరంగా స్వాధీనంలో ఉన్న వ్యక్తిని, అతనికి ఉండే హక్కు లేదనుకున్నా సరే, చట్టం ద్వారా తప్ప యజమాని వెళ్ళగొట్టరాదని సుప్రీంకోర్టు 1989లో స్పష్టం చేసింది. బలవంతంగా స్వాధీనం పోగొట్టుకున్నవారు 1963 నాటి స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 6వ సెక్షన్ కింద ఆరు నెలల్లోగా దావా వేసి తిరిగి పొందవచ్చు.

కనుక మన విద్యార్థి ముందు 112కు ఫోన్ చేసి పోలీసు సాయం కోరాలి. తరువాత న్యాయ సేవాధికార సంస్థ హెల్ప్‌లైన్ 15100ను సంప్రదించాలి. మహిళలకు, షెడ్యూల్డ్ కులాలు, తెగలవారికి, వికలాంగులకు 1987 నాటి చట్టం ప్రకారం ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం లభిస్తుంది. మిగతావారికి ఆదాయ పరిమితి ఉంటుంది.

కానీ ఒక చిక్కు మిగిలే ఉంది. 18,000 ఇచ్చానని అతను ఎలా నిరూపిస్తాడు? చేతికి ఇచ్చిన నోట్లు సాక్ష్యం చెప్పవు. పరిశీలన పట్టికలో రాయని కొలతకు పరీక్షకుడు మార్కు వేయడు. కోర్టులోనూ అంతే. హక్కును చట్టం ఇస్తుంది, రుజువును మనమే సమకూర్చుకోవాలి.

గది తీసుకునేటప్పుడు

1. అద్దె, అడ్వాన్సు, దాన్ని తిరిగి ఇచ్చే గడువు, నోటీసు కాలం – ఈ నాలుగూ రాసిన ఒప్పందంపై ఇద్దరూ సంతకం చేయండి. ఒక ప్రతి మీ దగ్గర ఉంచుకోండి.
2. డబ్బును బ్యాంకు లేదా యూపీఐ ద్వారా పంపండి. నగదు ఇస్తే రసీదు తీసుకోండి.
3. చేరిన రోజే గోడలు, కుళాయిలు, కరెంటు మీటరు రీడింగు ఫోటో తీయండి. రీడింగు 1240 నుంచి 1312కు వస్తే వాడినది 72 యూనిట్లు. యూనిట్‌కు 8 రూపాయలని రాసుకుని ఉంటే బిల్లు 576 రూపాయలు. రాసుకోకపోతే చెప్పినంతా కట్టాలి.
4. పోలీసు వెరిఫికేషన్ చేయించమని మీరే అడగండి. ఆ గదిలో మీరున్నారనడానికి అదొక రుజువు.
5. ఒరిజినల్ సర్టిఫికెట్లను ఎవరి దగ్గరా హామీగా ఉంచకండి.

చివరగా ప్రాణభద్రత. 2024 జూలై 27న ఢిల్లీ ఓల్డ్ రాజేంద్రనగర్‌లో ఒక శిక్షణ కేంద్రం సెల్లారులోని గ్రంథాలయంలోకి వరదనీరు చొచ్చుకువచ్చి ముగ్గురు అభ్యర్థులు మరణించారు. గదిలో అడుగుపెట్టగానే బయటికి దారులెన్ని ఉన్నాయో చూడండి. అద్దె ఎంతని అడిగేది ఆ తరువాతే.

మీరే చేయండి: మీ ఇంట్లోగాని, మిత్రుల దగ్గరగాని ఉన్న ఒక అద్దె ఒప్పందం తీసుకుని చదవండి. పైన చెప్పిన నాలుగు అంశాలలో ఎన్ని ఉన్నాయో, ఏవి లేవో పట్టిక వేయండి.