బిగింపు సులువైతేనే జాయింటు గట్టిది

గీజరుకు వెళ్లే వైరులోనో, పొలం మోటరుకు వెళ్లే కేబులులోనో ఎక్కడో ఒకచోట జాయింటు ఉంటుంది. ఆ జాయింటు దగ్గర నిరోధం 0.1 ఓము ఉందనుకుందాం. వినడానికి చాలా చిన్న అంకె. దాని గుండా 16 ఆంపియర్ల కరెంటు పారితే అక్కడ పుట్టే వేడి 25.6 వాట్లు. టీవీలు, రేడియోలు బాగుచేసే షాపుల్లో సీసాన్ని కరిగించే సోల్డరింగ్ ఐరన్ సాధారణంగా 25 వాట్లదే. స్విచ్ బోర్డు డబ్బాలో ప్లాస్టిక్ తొడుగులను ఆనుకుని ఒక సోల్డరింగ్ ఐరన్ గంటల తరబడి కాలుతూ ఉంటే ఏమవుతుందో, లూజ్ కనెక్షన్ దగ్గరా అదే అవుతుంది. మామూలు పీవీసీ వైరు తొడుగు తట్టుకునే వేడి 70 డిగ్రీల సెల్సియస్. ఆపైన అది మెత్తబడుతుంది, పెళుసవుతుంది, చివరికి మాడుతుంది.

అదే జాయింటును శుభ్రంగా ఒలిచిన వైరుతో గట్టిగా బిగిస్తే నిరోధం 0.001 ఓముకు దిగుతుంది. అప్పుడు పుట్టే వేడి పావు వాటు. వైరు అదే, కరెంటు అదే. బిగింపు ఒక్కటి మారితే వేడిలో 100 రెట్ల తేడా వచ్చింది.

ఇంత తేడా తెచ్చే పనిని మనం దేనిమీద వదిలేశాం? బిగించే మనిషి చేతి బలం మీద, కంటి చూపు మీద, ఓపిక మీద. ఇది మారాలి. సరిగ్గా బిగించడమే అన్నిటికన్నా సులువైన పద్ధతి అయ్యేలా కనెక్టర్లను తీర్చిదిద్దాలి. వాటిని పల్లెల దాకా చేర్చాలి. ములుగు జిల్లా ఏటూరునాగారం లాంటి చోట ఈ అవసరం ఇంకా ఎక్కువ.

1.6 వోల్టులు: ఎంసీబీ ఎందుకు పడిపోదు

"ఎంసీబీ ఉంది కదా, తేడా వస్తే అదే పడిపోతుంది" అని చాలామంది ధీమాగా ఉంటారు. లూజ్ కనెక్షన్ విషయంలో ఆ ధీమా పనికిరాదు. 0.1 ఓము జాయింటు వద్ద 16 ఆంపియర్లకు తగ్గేది 1.6 వోల్టులు మాత్రమే. 230 వోల్టులలో అది ఒక శాతం కూడా కాదు. కరెంటు పెరగదు కాబట్టి ఎంసీబీకి తేడా తెలియదు. లీకేజీ లేదు కాబట్టి ఆర్‌సీసీబీ కూడా కదలదు. వేడెక్కిన లోహానికి తుప్పు పొర పడుతుంది, నిరోధం ఇంకా పెరుగుతుంది, వేడి ఇంకా పెరుగుతుంది. వైర్లు మాడి ఒకదానికొకటి తగిలిన తర్వాతే ఎంసీబీ పడుతుంది. అప్పటికే డబ్బాలో పొగ వస్తూ ఉంటుంది.

న్యూట్రల్ జాయింటు ఊడితే కథ మరో రకం. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర న్యూట్రల్ తెగితే ఒక ఫేజు ఇళ్లలో వోల్టేజీ పడిపోతుంది, మరో ఫేజు ఇళ్లలో 230 ఉండాల్సింది 300 దాటవచ్చు. ఒకే రాత్రి వీధిలో టీవీలు, ఫ్యాన్లు, చార్జర్లు వరసగా కాలిపోయాయంటే చాలాసార్లు కారణం ఇదే.

1.73 రెట్లు: మోటరు ఎందుకు కాలుతుంది

5 హెచ్‌పీ త్రీఫేజు మోటరు నిండు లోడులో 7 నుంచి 8 ఆంపియర్లు తీసుకుంటుంది. స్టార్టు అయ్యే క్షణంలో అంతకు దాదాపు 6 రెట్లు, అంటే 45 ఆంపియర్ల వరకు లాగుతుంది. ఆ కరెంటంతా స్టార్టరులోని ఆరు టెర్మినళ్ల గుండానే పోవాలి: లోపలికి వచ్చేవి 3, మోటరుకు వెళ్లేవి 3.

వీటిలో ఒక్క స్క్రూ వదులై ఒక ఫేజు పోయినా మోటరు వెంటనే ఆగదు. మిగతా రెండు ఫేజుల మీద మూలుగుతూ తిరుగుతుంది. అప్పుడు వాటిలో కరెంటు దాదాపు 1.73 రెట్లవుతుంది. వేడి కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి ఆ చుట్లలో వేడి 3 రెట్లు. ఓవర్‌లోడ్ రిలే సరిగా లేకపోతే వైండింగ్ కాలిపోతుంది. రైతుకు వేల రూపాయల ఖర్చు, రోజుల తరబడి నీళ్లు లేని పొలం. ఇంతకూ కారణం అరమలుపు తక్కువ తిరిగిన ఒక ఇత్తడి స్క్రూ.

తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల ఉచిత కరెంటు మొదలైంది. అప్పుడు ఆటోస్టార్టర్లు తీసేయమని రైతులను ప్రభుత్వం కోరింది. కరెంటు వచ్చిన ప్రతిసారీ మోటరు దానంతటదే లేస్తుంటే భూగర్భజలం వృథా అవుతుంది, లైను మీద భారం పడుతుంది. స్టార్టరు టెర్మినళ్లకూ అది మంచిది కాదు. ప్రతి స్టార్టుకూ 6 రెట్ల కరెంటు, వేడి, మళ్లీ చల్లారడం. ఈ సాగుడు, ముడుచుకోవడాలతోనే స్క్రూలు వదులవుతాయి.

649.8 మిల్లీమీటర్లు: ఏటూరునాగారంలో జాయింటు బతుకు

ఏటూరునాగారం ఒకప్పుడు వరంగల్ జిల్లాది, 2019 ఫిబ్రవరి నుంచి ములుగు జిల్లాది. ఒకవైపు గోదావరి, చుట్టూ అభయారణ్యం, మధ్యలో ఏజెన్సీ గూడేలు. 2023 జులై చివరలో ఇదే జిల్లాలోని లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. తెలంగాణలో అది రికార్డు. అదే వానలకు జంపన్నవాగు పొంగి ఏటూరునాగారం మండలంలోని కొండాయిని ముంచెత్తింది.

వాగు ఒడ్డునో, గోదావరి ఒడ్డునో మోటరు పెట్టుకున్న రైతుకు వరద కబురు అందగానే మొదటి పని మోటరును విప్పి గట్టుకు చేర్చడం. నీళ్లు తీశాక మళ్లీ దింపి బిగించాలి. ఒక్కసారి తీసి పెట్టడమంటే కనీసం 3 జాయింట్లు విప్పి, మళ్లీ 3 కట్టడం. ఆ పని చేసేది చాలాసార్లు ఎలక్ట్రీషియన్ కాదు, రైతే. తడి నేల, మసక వెలుతురు, నోట్లో టార్చి, చేతిలో బ్లేడు. వైరు కొసలు గీకి, ఒకదానికొకటి మెలేసి, పైన టేపు చుట్టేస్తాడు. ఎండకు ఆ టేపు జిగురు వదులుతుంది, వానకు లోపల చెమ్మ చేరుతుంది.

పక్కనే తాడ్వాయి మండలంలోని మేడారంలో రెండేళ్లకోసారి సమ్మక్క సారలమ్మ జాతర. 2024లో ఫిబ్రవరి 21 నుంచి 24 వరకు జరిగింది. కొద్ది రోజుల కోసం అడవి మధ్య ఒక పట్టణమే లేస్తుంది. దుకాణాలు, గుడారాలు, దీపాలు. వాటి తాత్కాలిక వైరింగ్ అంతా తొందరలో కట్టి, తొందరలో విప్పేదే. జనం కిక్కిరిసిన చోట మెలేసి టేపు చుట్టిన జాయింటు ఎంత ప్రమాదమో చెప్పనక్కర్లేదు.

0.5 న్యూటన్ మీటర్లు, 36 పోగులు: స్క్రూతో ఉన్న చిక్కు

స్క్రూ టెర్మినల్ చెడ్డది కాదు. కొలత ప్రకారం తిప్పితే నమ్మదగినదే. 3 మిల్లీమీటర్ల స్క్రూకు అంతర్జాతీయ ప్రమాణం చెప్పే తిప్పుడు బలం 0.5 న్యూటన్ మీటర్లు. మామూలు స్క్రూడ్రైవరు పిడి అంచున సుమారు మూడున్నర కిలోల బలం పెట్టి తిప్పితే అంత అవుతుంది. అప్పుడు స్క్రూ కొస వైరును దాదాపు 80 కిలోల బరువుతో నొక్కుతుంది. సగం తిప్పి వదిలేస్తే నొక్కుడూ సగమే. అతిగా తిప్పితే ఇత్తడి మరలు అరుగుతాయి. ఈ రెంటి మధ్య ఉండే కొలతను చేతితో పట్టుకోవడానికి ఏళ్ల అనుభవం కావాలి.

ఇప్పుడు వైరును దగ్గరగా చూద్దాం. 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు ఒకే తీగ కాదు. సాధారణంగా అందులో 0.3 మిల్లీమీటర్ల పోగులు 36 ఉంటాయి. వాటిని నేరుగా స్క్రూ కింద పెడితే తిరిగే కొస కొన్నిటిని కోస్తుంది, కొన్నిటిని పక్కకు నెడుతుంది. 12 పోగులు పోయాయంటే మూడో వంతు వైరు పోయినట్టే. పైకి మాత్రం అంతా బిగిసినట్టే కనిపిస్తుంది. నెలలు గడిచేకొద్దీ మెత్తని రాగి ఒత్తిడికి కొద్దికొద్దిగా నలిగి చోటిస్తుంది. స్క్రూ దానంతటది ముందుకు కదలదు కాబట్టి ఆ మేరకు బిగువు పోతుంది.

55 రెట్లు: అల్యూమినియం హెచ్చరిక

స్తంభం నుంచి మీటరు దాకా వచ్చే సర్వీసు వైరు సాధారణంగా అల్యూమినియం. ఇంటి లోపలి వైరు రాగి. ఈ రెండూ కలిసేచోటు ప్రతి ఇంట్లోనూ బలహీనమైన జాగా. ఒక డిగ్రీ వేడికి మీటరు పొడవు రాగి 17 మైక్రాన్లు సాగితే, అల్యూమినియం 23 సాగుతుంది, ఉక్కు స్క్రూ 12 మాత్రమే. పైగా గాలి తగలగానే అల్యూమినియం మీద కరెంటును అడ్డుకునే పొర ఏర్పడుతుంది. చెమ్మ ఉన్నచోట రాగితో తగిలితే అల్యూమినియాన్ని తుప్పు తినేస్తుంది.

రాగి ధర పెరగడంతో అమెరికాలో 1965 నుంచి 1973 మధ్య కట్టిన ఎన్నో ఇళ్లకు అల్యూమినియం వైర్లు వేశారు. ఆ దేశ వినియోగ వస్తువుల భద్రతా కమిషన్ తరఫున సర్వే చేశారు. 1972కు ముందు తయారైన అల్యూమినియం వైరు ఉన్న ఇళ్లలో జాయింట్లు అగ్నిప్రమాద స్థితికి చేరే అవకాశం రాగి ఇళ్లకన్నా 55 రెట్లు ఎక్కువని తేలింది. వైరు మధ్యలో ఏ లోపమూ లేదు. లోపమంతా కలిపే చోట్లలోనే. అందుకే రెండు లోహాలు కలిసేచోట ఒకవైపు రాగి, ఒకవైపు అల్యూమినియం ఉండే బైమెటల్ లగ్గు వాడాలి.

1914, 1951, 1977: సులువైన బిగింపు వచ్చిన దారి

ఈ సమస్య మీద నూరేళ్లకు పైగా ఆలోచన సాగింది. 1914లో కెనడాలో విలియం మార్ అనే ఆయన పింగాణీ కనెక్టరు చేశాడు. తర్వాత అది వైర్ల మీద టోపీలా పెట్టి తిప్పితే బిగిసే కనెక్టరుగా ఎదిగింది. టంకం పెట్టే పని తప్పింది. 1951లో జర్మనీలోని మిండెన్‌లో మొదలైన వాగో కంపెనీ స్క్రూ స్థానంలో స్ప్రింగును తెచ్చింది. 1977లో తన కేజ్ క్లాంపును విడుదల చేసింది. రాగి నలిగి చోటిచ్చినా స్ప్రింగు వెంటపడి నొక్కుతూనే ఉంటుంది. స్క్రూకు లేని గుణం అదే.

ఇప్పుడు దొరికే లీవరు కనెక్టరును చేతిలోకి తీసుకుని చూడండి. వాగో 221 రకంలో 4 చదరపు మిల్లీమీటర్ల దాకా వైరు పడుతుంది, 32 ఆంపియర్లు మోస్తుంది. వైరును 11 మిల్లీమీటర్లు ఒలవాలి. ఆ కొలత కనెక్టరు ఒంటి మీదే గీసి ఉంటుంది. లీవరు ఎత్తి, వైరు లోపలిదాకా తోసి, లీవరు దించితే పని అయిపోతుంది. డొల్ల పారదర్శకం కాబట్టి వైరు చివరిదాకా వెళ్లిందో లేదో కంటికి కనిపిస్తుంది. స్క్రూడ్రైవరు అక్కర్లేదు. విప్పి మళ్లీ వాడుకోవచ్చు.

స్తంభం మీద వాడే పియర్సింగ్ కనెక్టరులో ఇంకా చక్కని ఏర్పాటుంది. ఏబీ కేబులు (తొడుగున్న లైను తీగల కట్ట) తొడుగును ఒలిచే పనే లేదు, లోపలి పళ్లు తొడుగును గుచ్చుకుని లోహాన్ని పట్టుకుంటాయి. దాని బోల్టు తల, కావలసిన బిగువు రాగానే విరిగి పడిపోతుంది. తల విరగలేదంటే పని పూర్తికానట్టే. ఎంత తిప్పాలన్నది లైన్‌మన్ అంచనాకు వదలకుండా కనెక్టరే తేల్చేసింది.

మంచి బిగింపుకు ఆరు పరీక్షలు

ఈ నమూనాలు చూశాక మంచి కనెక్టరును గుర్తుపట్టడం కష్టం కాదు. ఒకటి, ఎంత ఒలవాలో దాని మీదే ఉండాలి. రెండు, బిగువు చేతి బలాన్ని బట్టి మారకూడదు. మూడు, సరిగ్గా కూర్చుందో లేదో చూపుకో, చేతికో, చెవికో తెలియాలి. నాలుగు, నిచ్చెన మీదుంటే కింద పడిపోయే విడి ముక్కలు ఉండకూడదు. ఐదు, తడి చేతి తొడుగులతోనూ బిగించగలగాలి. ఆరు, తప్పు రంగు వైరు తప్పు చోట పడకుండా అడ్డుకోవాలి.

హద్దులూ ఉన్నాయి. మామూలు లీవరు కనెక్టరు పొడి డబ్బాలో ఉండాల్సిందే, వానలో వేలాడదీయకూడదు. తయారీదారు చెప్పకపోతే అల్యూమినియానికి వాడకూడదు. ఆంపియర్లు, వైరు కొలత ముద్రించని నకిలీ సరుకు మెలేసిన జాయింటు కన్నా ప్రమాదం. ధర కూడా టేపు చుట్ట కన్నా ఎక్కువే. కాని కాలిన వైండింగ్ ఖర్చు ముందు అది లెక్కలోకి రాదు.

అందుకే మూడు విన్నపాలు. ఐటీఐలు, పాలిటెక్నిక్‌లలోని విద్యార్థులు ప్రాజెక్టు పనికి ఈ సమస్య తీసుకోవాలి: వాగు ఒడ్డున రైతు తడి చేత్తో విప్పి బిగించగల, నీరు చొరని, మూడు ఫేజుల కనెక్టరు. స్టార్టర్లు చేసేవారు టెర్మినళ్లను స్ప్రింగు పద్ధతికి మార్చే ఆలోచన చేయాలి. ఇక మీరు: స్విచ్ బోర్డు పలక వేడిగా తగిలినా, రంగు మారినా, దీపాలు మినుకుమన్నా, కాలిన వాసన వచ్చినా మెయిన్ ఆపి ఎలక్ట్రీషియన్‌ను పిలవండి. మన దేశంలో ఏటా పది వేల మందికి పైగా కరెంటు షాకుతో చనిపోతున్నారు. వానలు మొదలవకముందే మీటరు దగ్గర, స్టార్టరు దగ్గర జాయింట్లు ఒకసారి చూపించుకోండి.