మౌనాకియా కొండపై పశువులను పట్టువారు

పసిఫిక్ మహాసముద్రము నడుమ హవాయి దీవులు కలవు. ఇప్పుడవి అమెరికా సంయుక్త రాష్ట్రములలో ఒక రాష్ట్రము. పూర్వము వానికి స్వంత రాజులుండిరి. ఆ దీవులలో మిక్కిలి పెద్దదానియందు మౌనాకియా అను పర్వతము కలదు. అది యొక అగ్నిపర్వతము, చాలకాలముగా నిద్రించుచున్నది. ఎత్తు 4,200 మీటర్లకు పైమాట. వాలులపై కత్తులవంటి లావారాళ్ళు, దట్టమైన పొదలు, గండ్లు. మనిషి నడచుటకే కష్టమైన ఆ చోట, గుఱ్ఱములపై పరుగెత్తుచు అడవి పశువులను పట్టిన వారి వృత్తాంతమిది.

మొదట ఆ దీవులలో ఆవులును లేవు, గుఱ్ఱములును లేవు. 1793లో జార్జి వాంకూవరు అను ఆంగ్ల నావికుడు కామెహమేహా రాజునకు కొన్ని పశువులను కానుకగా నిచ్చెను. మరుసటి యేడు మరికొన్నిటిని తెచ్చెను. అవి వృద్ధినొందుటకై పదియేండ్లవరకు ఎవ్వరును వానిని చంపరాదని రాజు శాసించెను. అట్టి నిషేధమును వారి భాషలో ‘కాపు’ అందురు. మన ‘కాపు’ అను మాటకు దానితో చుట్టరికము లేదు. అర్థము మాత్రము చక్కగా కుదిరినది.

ఆ దీవిలో పులి లేదు, తోడేలు లేదు. పచ్చికకు కొదువ లేదు. కొలది కాలములోనే పశువులు వేలకొలదిగా పెరిగి కొండయెక్కి అడవి మృగములైనవి. చేమతోటలను త్రొక్కినవి, లేతమొక్కలను మేసి అడవులను పాడుచేసినవి, ఎదురైన మనుష్యులను కొమ్ములతో కుమ్మినవి. తోటల చుట్టు రాతిగోడలు కట్టుకొనవలసి వచ్చెను. కానుక కాస్త ఉపద్రవమయ్యెను.

వానిని పట్టుటకు గోతులు త్రవ్వి, పైన కొమ్మలు కప్పెడివారు. గోతులకు మనిషియని, పశువని భేదము లేదు గదా! 1834లో డేవిడ్ డగ్లస్ అను స్కాట్లండు వృక్షశాస్త్రజ్ఞుడు అట్టి గోతిలో ఒక ఆబోతు కాళ్ళక్రింద మృతుడై కనబడెను. తుపాకితో వేటాడినవారును కలరు. వారిలో జాన్ పామర్ పార్కరు అను అమెరికనుడు ముఖ్యుడు. ఆయన రాజు అనుమతితో పశువులను కాల్చి, తోళ్ళును క్రొవ్వును ఉప్పుమాంసమును ఓడలవారికి చేర్చుచుండెను. కాని చంపిన పశువు ఒక్కసారికే పనికివచ్చును. ప్రాణముతో పట్టిన మంద ఏటేట పెరుగును.

ఆ విద్య తెలిసినవారు కాలిఫోర్నియాలో నుండిరి. నాడది మెక్సికో దేశములోనిది. 1830 తరువాతి యేండ్లలో అచ్చటి పశుకాపరులు హవాయికి పిలిపింపబడిరి. వారి భాష స్పానిషు; దానికి ‘ఎస్పన్యోల్’ అని పేరు. హవాయివారి నోట ఆ మాట ‘పనియోలో’గా మారి, పశుకాపరుల కందరకు పేరైనది. శిష్యులు త్వరలోనే గురువులకు దీటైరి.

వారి ముఖ్య సాధనము ఉచ్చుత్రాడు. పచ్చితోలును సన్నని వార్లుగా కోసి, జడవలె అల్లి దానిని చేయుదురు. మంద కనబడినంతనే రౌతు గుఱ్ఱమును దుమికించి, పరుగులోనే కొమ్ములకు ఉచ్చు విసరును. రెండవ కొనను జీను ముందరి కొమ్మునకు చుట్టును. అంతట ఆబోతు వెనుదిరిగి గుఱ్ఱముపైకే వచ్చును. త్రాడు వదులైనను, గుఱ్ఱము తడబడినను ప్రాణాపాయమే. నేర్పరియైన రౌతు చెట్టు చుట్టు త్రాడు త్రిప్పి, ఆబోతును మ్రానికి బిగించి, అచ్చటనే విడిచి పోవును! అది రాత్రియంతయు పెనుగులాడి, ఆకలిదప్పులతో అలసిపోవును. పిమ్మట ఒక బలమైన మచ్చిక యెద్దును తెచ్చి, రెంటిని జతగా కట్టి వదలుదురు. ఎద్దుకు ఇల్లు తెలియును. మొండికెత్తిన ఆబోతును ఈడ్చుకొనుచు దొడ్డికి చేరును. మన పల్లెలలో కోడెకు కాడి మరపునపుడు ప్రక్కన అనుభవముగల యెద్దును కట్టుట మీరు చూచియుందురు. ఈ యుపాయమును అట్టిదే. ఆ కొండపై నిజమైన గురువు రౌతు కాదు, ఆ యెద్దే యని నా యభిప్రాయము.

కవాయిహాయె రేవున పని మరియొక తీరు. అచ్చట రౌతులు గుఱ్ఱములతో సముద్రములోనికి దిగి, పశువులను పడవల ప్రక్కలకు కట్టెడివారు. అవి ఈదుచు ఓడను చేరగా, కడుపు క్రింద పట్టీ వేసి పైకెత్తెడివారు.

1908లో హవాయి రౌతులు కొందరు అమెరికాలోని వయోమింగునందలి షయన్ నగరమున జరిగిన పోటీలకు పోయిరి. గుఱ్ఱములు అరువువి, ఊరు క్రొత్తది. ఐనను ఇకువా పర్డీ అను హవాయి రౌతు ఎద్దును త్రాట పట్టి, పడవేసి, కాళ్ళు కట్టుటను 56 సెకండ్లలో ముగించి ప్రథముడయ్యెను. ఆయన తన బిరుదును నిలుపుకొనుటకు మరల అచ్చటికి పోలేదు. మాయి దీవిలో పశుకాపరులకు పెద్దగా పనిచేసి 1945లో మరణించెను.