డెబ్బై ఆరేళ్లకు... మళ్లీ రాజమండ్రికి!

'మరణం' అనగానే మాట మార్చేస్తాం. పిల్లల ముందు ఆ ఊసే ఎత్తం. కానీ దాన్ని గుర్తుపెట్టుకున్నవాళ్లే బతుకును బాగా వాడుకుంటారంటుంది క్రైస్తవ విశ్వాసం. అందుకు గోదావరి తీరంలోనే ఒక ఉదాహరణ ఉంది.

పెద్దాపురం, సామర్లకోట ప్రాంతాల్లో క్రైస్తవ కుటుంబాలు పంచే జ్ఞాపకార్థ కూడిక కార్డుల్లో 'చనిపోయారు' అన్న మాట అరుదు. 'ప్రభువునందు నిద్రించారు' అని రాస్తారు. నిద్రపోయినవారు లేస్తారు కదా! పునరుత్థానం మీద నమ్మకమంతా ఆ ఒక్క మాటలోనే ఉంది. అలాగని ఏడవకూడదని ఎవరూ అనరు. లాజరు సమాధి దగ్గర యేసే కన్నీళ్లు పెట్టుకున్నాడని యోహాను సువార్త చెబుతుంది. భూస్థాపనకు వచ్చినవాళ్లు తలా ఒక పిడికెడు మట్టి వేస్తారు. తర్వాత ఆదరణ కూడిక పెట్టి, ఇంటివాళ్లను ఒంటరిగా వదలకుండా పాటలతో, ప్రార్థనలతో తోడుంటారు.

ఏడాది పొడవునా గుర్తుచేస్తూ...
చావును గుర్తుచేసే రోజులు చర్చి క్యాలెండర్లోనూ ఉన్నాయి. భస్మ బుధవారం నాడు కేథలిక్కుల నుదుట విభూతి పెట్టి, మనిషి మట్టే అని గురువు గుర్తుచేస్తాడు. నవంబరు 2న సమాధుల పండుగ. గోరీలు కడిగి, సున్నం వేసి, పూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగిస్తారు. ఈస్టర్ నాడు తెల్లవారకముందే సమాధుల తోటకు వెళ్లి ఆరాధన చేసే సంఘాలూ ఉన్నాయి. తాత గోరీ ఏదో, నాయనమ్మది ఏదో పిల్లలకు తెలిసేది అక్కడే.

బైబిల్లోని 90వ కీర్తన మనిషి ఆయుష్షును డెబ్బై ఏళ్లుగా, బలముంటే ఎనభైగా లెక్కగడుతుంది. మన రోజుల్ని లెక్కపెట్టుకోవడం నేర్పమని దేవుణ్ని అడుగుతుంది కూడా. ఆ లెక్కను అక్షరాలా పాటించిన మనిషి ఫాదర్ హయ్యర్.

విశ్రాంతి వద్దన్నాడు
క్రిస్టియన్ ఫ్రెడరిక్ హయ్యర్ 1793లో జర్మనీలోని హెల్మ్‌స్టెట్‌లో పుట్టాడు. చిన్న వయసులోనే అమెరికా వెళ్లి పాస్టరయ్యాడు. 1839లో భార్య పోయింది. ఆ దుఃఖంతో ఇంటి పట్టునే ఉండిపోలేదు. 1842 జులై 31న గుంటూరు చేరాడు. అప్పటికాయన వయసు 49. మధ్యలో స్వదేశానికి వెళ్లి వైద్యం చదువుకుని వచ్చి, పల్నాడులో పనిచేశాడు. 1857లో తిరిగి వెళ్లిపోయాడు.

1869లో రాజమండ్రి లూథరన్ మిషన్‌ను నడపలేక మరో సంస్థకు అప్పగించబోతున్నారని తెలిసింది. అప్పుడు హయ్యర్ జర్మనీలో ఉన్నాడు. వెంటనే అమెరికా వెళ్లి, పెన్సిల్వేనియా పాస్టర్ల సభలో వద్దని వాదించాడు. 'మరి ఎవరు వెళ్తారు?' అన్న సందేహానికి తావివ్వకుండా తానే బయల్దేరాడు. వయసు 76! కీర్తన చెప్పిన డెబ్బై ఎప్పుడో దాటింది. వారాల తరబడి ఓడ ప్రయాణం చేసి ఆ ఏడాది చివర్లో రాజమండ్రిలో దిగాడు.

అక్కడో విషాదం ఎదురైంది. సాయంగా 1870లో వచ్చిన బెకర్ అనే మిషనరీ కొద్ది వారాల్లోనే కన్నుమూశాడు. అంతకంటే ఎంతో పెద్దవాడైన హయ్యర్ మిగిలాడు. ఎందుకిలా? విశ్వాసికైనా అంతుబట్టని ప్రశ్నే ఇది. హయ్యర్ మాత్రం పని ఆపలేదు. తర్వాత వచ్చిన ష్మిట్‌కు బాధ్యతలు అప్పగించి, 1871లో వెళ్లిపోయాడు. 1873 నవంబరులో, సరిగ్గా ఎనభయ్యో ఏట, ఫిలడెల్ఫియాలో నిద్రించాడు. పెన్సిల్వేనియాలోనే సోమర్సెట్ దగ్గర భార్య పక్కన సమాధి చేశారు.

మిగిలింది ఇదీ...
ఆయన నిలబెట్టిన మిషన్ తర్వాత సామర్లకోట, పెద్దాపురాల దాకా విస్తరించింది. గుంటూరు, రాజమండ్రి ప్రాంతాల సంఘాలు కలిసి 1927లో ఆంధ్ర సువార్త లూథరన్ సంఘంగా ఏర్పడ్డాయి. వీటిలో వేటినీ ఆయన కళ్లారా చూడలేదు. చూడలేనని తెలిసే మొదలుపెట్టాడు. ఆధ్యాత్మిక ఎదుగుదల అంటే బహుశా ఇదే. పండు తినే భాగ్యం లేకపోయినా మొక్క నాటడం.

అందరూ ఓడెక్కనక్కర్లేదు. ఏళ్లుగా మాటల్లేని అన్నదమ్ముడికి ఫోన్ చేయొచ్చు. ఆస్తి పంపకాలు తగవుల్లేకుండా ఓపిక ఉన్నప్పుడే తేల్చిపెట్టొచ్చు. మంచానపడ్డ పెద్దవాళ్ల దగ్గర ఓ గంట కూర్చుని, వాళ్ల చిన్నప్పటి కబుర్లు పిల్లలకు వినిపించొచ్చు. జ్ఞాపకార్థ కూడికలో చెప్పుకునే మంచిమాటలు వాళ్లుండగానే వాళ్లకు చెప్తే... ఇంకా మంచిది కదూ!