రైఫిల్ తప్పా, మన తప్పా?
(ఎన్.సి.సి. కేడెట్లకు గురి పాఠం)



మన హాస్టల్ నుంచి ప్రతి ఏటా కొందరు ఎన్.సి.సి.లో చేరుతున్నారు. డ్రిల్లులో, పరుగులో మనవాళ్లు ఎవరికీ తీసిపోరు. ఫైరింగ్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం కొందరు డీలా పడిపోతున్నారు. టార్గెట్ కాగితం తెచ్చి చూస్తే తూటాలు నల్ల గుండ్రంలో ఉండవు. "నాకు చేతకాదు" అని ఒకరు, "రైఫిల్ మంచిది కాదు" అని మరొకరు అక్కడితో వదిలేస్తారు. ఈ రెండు మాటల్లో ఏది నిజమో తేల్చుకోవడానికి ఒక పద్ధతి ఉంది. ఏడాదికి మన చేతికి వచ్చే తూటాలు కొన్నే కాబట్టి ఆ పద్ధతి ముందే తెలుసుకుని వెళ్లడం మంచిది. అందుకే ఈ వ్యాసం.

గురి అంటే ఏమిటి?

మనకు ఇచ్చే .22 రైఫిల్‌కు టెలిస్కోపు ఉండదు. గొట్టం చివర నిలబడి ఉండే ఫోర్‌సైట్, కంటికి దగ్గరగా ఉండే బ్యాక్‌సైట్, ఈ రెండే ఆధారం. ఉస్తాదులు 'శిస్త్' అనేది దీన్నే. బ్యాక్‌సైట్ గాడి రకమైతే ఫోర్‌సైట్ కొన గాడి మధ్యలో, గాడి పై అంచుతో సమానంగా కనిపించాలి. రెండు పక్కలా వెలుతురు సమానంగా ఉండాలి. రంధ్రం రకమైతే కొన రంధ్రం నడుమ ఉంటే చాలు.

కన్ను ఒకేసారి దగ్గరి వస్తువునూ దూరపు వస్తువునూ స్పష్టంగా చూడలేదు. అందుకని చూపు ఫోర్‌సైట్ కొన మీదే నిలపాలి. టార్గెట్ కాస్త మసకగా కనిపించినా ఫరవాలేదు. కొత్తవాళ్లు దీనికి వ్యతిరేకంగా చేస్తారు. టార్గెట్ వైపే తేరిపార చూస్తూ కొన పక్కకు జరిగిన సంగతి గమనించరు.

ముందు గ్రూపు, తర్వాతే సర్దుబాటు

ఒక్క తూటా చూసి సైట్ మీద చెయ్యి వేయకూడదు. ఒకే చోట గురి పెట్టి ఐదు తూటాలు కాల్చాలి. మొదటిది పక్కకు పోయిందని రెండోదానికి గురి మార్చకూడదు. తర్వాత కాగితం మీద తూటాలు పడిన తీరు చూడాలి.

1. కాగితమంతా చెదిరి ఉంటే: ముందు సైట్ల స్క్రూలు వదులుగా ఉన్నాయేమో చూడమని ఉస్తాదును అడగాలి. అవి బిగువుగా ఉంటే లోపం మన పట్టులో ఉంది. చెంప ప్రతిసారీ బట్ మీద ఒకే చోట ఆనుతోందా, బట్ భుజంలో గట్టిగా ఉందా చూసుకోవాలి.

2. పైకీ కిందికీ వరసగా పడితే: ఎక్కువగా ఊపిరి వల్ల. సగం గాలి వదిలి, ఆపి, ట్రిగ్గర్ నొక్కాలి.

3. అడ్డంగా పరుచుకుంటే: మోచేతులు కుదురుగా లేకపోవచ్చు, రైఫిల్ ఒక పక్కకు వాలుతుండవచ్చు, ట్రిగ్గర్‌ను మెల్లగా నొక్కకుండా గుంజుతుండవచ్చు.

4. రెండు గుంపులుగా పడితే: మధ్యలో లేచి మళ్లీ పడుకున్నప్పుడు పొజిషన్ మారి ఉంటుంది, లేదా సైట్ కదిలి ఉంటుంది.

5. ఐదూ దగ్గర దగ్గరగా, కానీ గుండ్రానికి దూరంగా పడితే: ఇది దిగులు పడాల్సిన విషయం కాదు. ఆ కేడెట్ బాగా కాల్చినట్లే. సర్దవలసింది సైట్‌ను.

ఇంకా అనుమానం ఉంటే అదే రైఫిల్‌తో చెయ్యి తిరిగినవారు ఒకరు కాల్చాలి. వారి గ్రూపు కూడా అక్కడే పడితే తేడా రైఫిల్‌లో ఉంది. వారిది మధ్యలో పడితే తేడా మనలో ఉంది.

ఎటు జరపాలి? ఎంత జరపాలి?

"వెనకది వెంట, ముందుది ఎదురు." ఈ ఒక్క మాట గుర్తుంటే చాలు. తూటా ఎటు పోవాలో బ్యాక్‌సైట్‌ను అటే జరపాలి. ఫోర్‌సైట్‌ను అయితే దానికి ఎదురు దిక్కుకు జరపాలి. తూటాలు ఎడమకు పడుతుంటే బ్యాక్‌సైట్ కుడికి, లేదా ఫోర్‌సైట్ ఎడమకు. కిందికి పడుతుంటే బ్యాక్‌సైట్ పైకి, లేదా ఫోర్‌సైట్ పొట్టిది. పాత .303 లీ-ఎన్‌ఫీల్డ్ రైఫిళ్లకు ఇందుకోసమే వేర్వేరు ఎత్తుల ఫోర్‌సైట్ పలకలు ఉండేవి.

ఎంత అనేదానికి లెక్కల పుస్తకంలోని సరూప త్రిభుజాలే జవాబు. రెండు సైట్ల మధ్య దూరం 50 సెంటీమీటర్లు, టార్గెట్ 25 మీటర్ల దూరంలో ఉందనుకుందాం. 25 మీటర్లు 50 సెంటీమీటర్లకు 50 రెట్లు. కాబట్టి సైట్ దగ్గర 1 మిల్లీమీటర్ తేడా టార్గెట్ మీద 50 మిల్లీమీటర్లు, అంటే 5 సెంటీమీటర్లు అవుతుంది. గ్రూపు నడిమి బిందువు 5 సెంటీమీటర్లు ఎడమకు ఉంటే బ్యాక్‌సైట్‌ను 1 మిల్లీమీటర్ కుడికి జరపాలి. అదే 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ అయితే 20 రెట్లే. మనం గురి చూసేటప్పుడు కొన గాడిలో వెంట్రుకవాసి పక్కకు ఉన్నా ఎందుకు అంత నష్టమో కూడా ఈ లెక్కే చెబుతుంది.

జరిపాక మళ్లీ ఐదు తూటాలు కాల్చి సరిచూడాలి. రైఫిల్ నంబరు, దూరం, ఎంత జరిపారో నోటుబుక్కులో రాసుకోవాలి. దూరం మారితే ఎత్తు సర్దుబాటు కూడా మారుతుంది, ఎందుకంటే చూపు తిన్నగా పోతుంది గాని తూటా పోను పోను కిందికి దిగుతుంది.

ఎండ చేసే మోసం

ఎండ ఒక పక్క నుంచి పడితే ఫోర్‌సైట్ కొన ఆ పక్క మెరుస్తుంది. కన్ను మెరుపును చూసి అసలు మధ్యను తప్పుతుంది. పాత షూటర్లు కర్పూరం వెలిగించి ఆ మసిని కొనకు పట్టించేవారు. రైఫిల్ బాగానే ఉండి పొద్దున ఒకచోట, మధ్యాహ్నం మరోచోట పడుతుంటే దీన్ని అనుమానించాలి.

ఒక ముఖ్యమైన మాట

సైట్లను ముట్టుకునేది ఉస్తాదు మాత్రమే. మన పని కాగితం చూపించి, కారణం చెప్పి అడగడం. రైఫిల్ ఖాళీ అని ఎవరు చెప్పినా నిండుగా ఉన్నట్లే చూడాలి. గొట్టం ఎప్పుడూ టార్గెట్ వైపే ఉండాలి.

హైదరాబాదులో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో కాంస్యం గెలిచారు. ఆ పోటీలోనూ టెలిస్కోపు ఉండదు. పది పాయింట్ల చుక్క అర మిల్లీమీటరే. ఇంతటి గురికి ఖరీదైన సామాను అవసరమే గాని, దానికి పునాది మాత్రం మనం పైన చెప్పుకున్న నిలకడే.

ఈసారి క్యాంపు నుంచి వచ్చే తమ్ముడు "నాకు రాదు" అనకూడదు. కాగితం తెచ్చి, "గ్రూపు బాగుందన్నా, ఎడమకు పడుతోంది" అని చెప్పాలి. అలా చెప్పగలిగిన రోజున అతనికి ఫైరింగ్ వచ్చినట్లే.

– ఎన్.సి.సి. పూర్వ విద్యార్థులు