రొయ్యలున్న తొట్టెలో మందెందుకు పోయరు?

చెన్నైలోని తిరువొత్తియూరు పిల్లలకు సముద్రం కొత్త కాదు. రంగుచేపల అంగళ్లకు పేరుపడ్డ కొళత్తూరూ ఆ నగరంలోనే ఉంది. అలాంటి అంగట్లో కొని తెచ్చి ఇంట్లో ఉప్పునీటి తొట్టెలో పెంచుకునే చేప ఒంటిమీద తెల్లచుక్కలు లేస్తే?

అది క్రిప్టోకారియాన్ అనే పరాన్నజీవి పని. పరాన్నజీవి అంటే మరో ప్రాణి మీద పడి బతికేది. దీనికి రాగి మందు బాగా పనిచేస్తుంది. మరి తొట్టెలోనే పోసేస్తే? అమ్మో, వద్దు! చేప తట్టుకునే మోతాదే వెన్నెముక లేని రొయ్యలను, నత్తలను, పగడాలను చంపేస్తుంది. చిత్రమేమంటే, రొయ్య రక్తంలోనూ రాగి ఉంటుంది. మితిమీరితేనే అది విషం.

అందుకే చేపలన్నిటినీ వేరే తొట్టెలోకి మార్చి, అక్కడ మందును కొలిచి వేస్తారు.

పాత తొట్టెలో మిగిలిన పరాన్నజీవి మాటేమిటి? చేప మీంచి రాలినది అడుగున గూడు కట్టుకుని, వందల పిల్లలుగా చీలుతుంది. వాటికి ఒకటి రెండు రోజుల్లో చేప దొరకాలి. చక్కెర డబ్బా తీసేసిన అలమరలో చీమల్లాగే వాటికీ తిండి కరువు. రొయ్యలూ పగడాలూ వాటికి ఆహారం కావు. కొన్ని గూళ్లు చాలా ఆలస్యంగా పగులుతాయి కాబట్టి చేపలను తిరిగి పాత తొట్టెలో వేసేముందు పెంపకందార్లు చాలామంది 76 రోజులు ఆగుతారు.

అన్నట్టు, మందు తొట్టెలోని పగడపు రాళ్లు రాగిని పీల్చుకుంటాయి. వాటిని మళ్లీ రొయ్యల దగ్గర పెట్టకండి.