పెరుగుతున్న పికప్ వాహనాల ధరలు: కూరగాయల రైతు వేసుకోవలసిన లెక్క

హైదరాబాదు నగరంలో ఎస్.ఆర్.నగర్, అమీర్‌పేట, పంజాగుట్ట ప్రాంతాలు కూరగాయల వినియోగం అధికంగా ఉండే ప్రాంతాలు. ఇక్కడి నివాస గృహాలకు తోడు, శిక్షణ సంస్థలకు వచ్చే విద్యార్థులు, ఉద్యోగార్థులు నివసించే హాస్టళ్ళు, మెస్సులు పెద్ద సంఖ్యలో ఉన్నాయి. ఎస్.ఆర్.నగర్‌కు సమీపంలోనే ఎర్రగడ్డ రైతుబజారు ఉంది. చేవెళ్ల, శంకర్‌పల్లి, వికారాబాద్ పరిసరాల రైతులు పండించిన కూరగాయలు తెల్లవారకముందే నగరానికి చేరవలసి ఉంటుంది. 1999 జనవరి 26న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో రైతుబజార్లు ప్రారంభమైన తొలి సంవత్సరాలలో రైతులు ఆర్టీసీ బస్సులలో గంపలు, మూటలతో వచ్చేవారు. నేడు ఆ సరుకులో అధిక భాగం ట్రాలీ ఆటోలు, మినీ ట్రక్కులు, పికప్ వ్యాన్లలో వస్తున్నది.

ఈ మార్పుతో పాటే రైతు కుటుంబాలలో ఒక కొత్త ఆలోచన మొదలైంది. కిరాయి బండికి ఇచ్చే సొమ్ముతోనే సొంత బండికి కిస్తీ కట్టవచ్చు కదా అన్నది ఆ ఆలోచన. అదే సమయంలో కొత్త వాహనాల ధరలు పెరుగుతున్నాయన్న ఆందోళన కూడా ఉంది. భూమి కొనుగోలు, ఇంటి నిర్మాణం, ట్రాక్టరు తరువాత ఒక చిన్న రైతు కుటుంబం చేసే అతి పెద్ద అప్పు ఇదే కావచ్చు. కాబట్టి ఈ నిర్ణయాన్ని షోరూములో చెప్పే ధరను బట్టి కాక, కిలో కూరగాయపై పడే రవాణా వ్యయాన్ని బట్టి తీసుకోవాలి. ఆ వ్యయాన్ని నిర్ణయించేది బండి ధర కన్నా పొలంలోని పంట ప్రణాళిక అన్న విషయాన్ని విస్తరణ శాస్త్రవేత్తలు రైతులకు వివరించవలసిన అవసరం ఉంది.

చిన్న సరుకు వాహనాల రాక

తేలికపాటి సరుకు వాహనాలకు ఈ ప్రాంతంతో పాత అనుబంధమే ఉంది. ఎస్.ఆర్.నగర్‌కు పొరుగున సనత్‌నగర్‌లో ఉన్న హైదరాబాద్ ఆల్విన్ సంస్థ జపాన్‌కు చెందిన నిస్సాన్ సహకారంతో 1980 దశకంలో జహీరాబాద్ వద్ద ఇటువంటి వాహనాల తయారీ చేపట్టింది. తరువాత ఆ కర్మాగారం మహీంద్రా సంస్థ చేతికి వచ్చింది. అదే కాలంలో డీసీఎం సంస్థ టయోటాతో కలిసి తయారుచేసిన ట్రక్కు ఎంత ప్రచారం పొందిందంటే, తెలంగాణలో నేటికీ మధ్యతరహా సరుకు వాహనాన్ని, అది ఏ సంస్థదైనా, 'డీసీఎం' అనే పిలుస్తారు.

అయితే డీసీఎం ఒక గ్రామం సరుకునంతా మోసే బండి. ఒక రైతు సరుకుకు తగిన నాలుగు చక్రాల బండి 2005లో టాటా ఏస్ రూపంలో వచ్చింది. 750 కిలోల బరువు మోయగల ఆ వాహనం ప్రారంభ ధర సుమారు రూ.2.25 లక్షలు. 2011లో అశోక్ లేలాండ్ దోస్త్, 2016లో మారుతి సూపర్ క్యారీ దీనికి పోటీగా వచ్చాయి.

ధరలు ఎందుకు పెరిగాయి?

మొదటి కారణం కాలుష్య నియంత్రణ ప్రమాణాలు. బీఎస్-4 ప్రమాణాలు 2017 ఏప్రిల్ 1 నుంచి, బీఎస్-6 ప్రమాణాలు 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతటా అమలులోకి వచ్చాయి. 2023 ఏప్రిల్ నుంచి బీఎస్-6 రెండవ దశ మొదలైంది. డీజిల్ ఇంజనుకు పొగలోని సూక్ష్మ కణాలను, నత్రజని ఆక్సైడ్లను తగ్గించే పరికరాలు, వాటిని నియంత్రించే ఎలక్ట్రానిక్ వ్యవస్థ తప్పనిసరి అయ్యాయి. పెద్ద ట్రక్కు ధరలో ఈ వ్యయం చిన్న భాగమే. చిన్న బండి ధరలో మాత్రం అది కొట్టవచ్చినట్లు కనిపిస్తుంది. అందువల్లనే ఈ తరగతిలో పెట్రోలు, సీఎన్‌జీ, విద్యుత్ వాహనాల ప్రాధాన్యం పెరిగింది.

రెండవ కారణం ఉక్కు తదితర ముడి పదార్థాల ధరలు. మూడవది పన్ను. 2017 జూలై నుంచి సరుకు వాహనాలపై 28 శాతం జీఎస్‌టీ ఉండేది. 2025 సెప్టెంబరు 22 నుంచి దానిని 18 శాతానికి తగ్గించారు. పన్ను కలపని ధర రూ.5 లక్షలైన బండిపై పన్ను రూ.1.40 లక్షల నుంచి రూ.90 వేలకు తగ్గినట్లు లెక్క. ఇక్కడ ఒక సూక్ష్మాన్ని గమనించాలి. పన్ను వర్తించే సరుకుతో వ్యాపారం చేసే నమోదిత వ్యాపారి బండిపై కట్టిన జీఎస్‌టీని తాను చెల్లించవలసిన పన్నులో సర్దుబాటు చేసుకోగలడు. తాజా కూరగాయలపై జీఎస్‌టీ లేదు కనుక రైతుకు ఆ వెసులుబాటు ఉండదు. అంటే ఒకే బండి వ్యాపారికన్నా రైతుకు ఎక్కువ ధర పడుతుంది.

ధరల పెరుగుదలను అతిగా ఊహించుకోవడం కూడా సరికాదు. 2025లో విడుదలైన టాటా ఏస్ ప్రో పెట్రోలు వాహనం కూడా 750 కిలోలు మోస్తుంది. దాని ప్రారంభ ధర రూ.3.99 లక్షలు. ఇరవై ఏళ్ళలో దేశంలో సాధారణ ధరల స్థాయి మూడు రెట్లకు మించి పెరిగింది. ఆ లెక్కన అతి చిన్న బండి నిజ ధర పెరగలేదు, తగ్గింది. అయినా భారం పెరిగినట్లు తోచడానికి ఒక కారణం రైతు ఎంచుకొనే బండి పెద్దది కావడం. 2023లో మహీంద్రా విడుదల చేసిన బొలెరో మ్యాక్స్ పికప్ శ్రేణి ధరలు రూ.7.85 లక్షల నుంచి మొదలయ్యాయి. అవి 1.3 టన్నుల నుంచి 2 టన్నుల వరకు మోసే బండ్లు. అంత బరువు రోజూ పొలం నుంచి వస్తుందా అన్నదే అసలు ప్రశ్న.

కిలోకు పడే వ్యయం

ఒక ఉదాహరణ తీసుకొందాం. ఒక టన్ను మోయగల బండికి అన్ని ఖర్చులతో రూ.7 లక్షలు అయిందనుకొందాం. రైతు లక్ష రూపాయలు ముందు కట్టి, మిగిలిన రూ.6 లక్షలు 11 శాతం వడ్డీతో ఐదేళ్ళ అప్పుగా తీసుకొంటే నెలకు కిస్తీ సుమారు రూ.13,050 అవుతుంది. ఐదేళ్ళలో వడ్డీయే రూ.1.82 లక్షలు దాటుతుంది. బీమా, పన్ను, టైర్లు, ఫిట్‌నెస్ పరీక్ష వంటి వాటికి నెలకు రూ.3,450, బండి నడిపేవారి శ్రమకు రూ.13,500 వేసుకొంటే, బండి కదిలినా కదలకపోయినా నెలకు రూ.30,000 స్థిర వ్యయం ఉంటుంది. రానుపోను 100 కి.మీ. ప్రయాణానికి ఇంధనం రూ.640, మరమ్మతులు రూ.160 చొప్పున ట్రిప్పుకు రూ.800 అనుకొందాం. ఈ అంకెలు ఒక నమూనా మాత్రమే. ప్రతి రైతు తన అంకెలను వీటి స్థానంలో వేసుకోవాలి.

ఈ బండి నెలకు 25 ట్రిప్పులు, ప్రతిసారీ 1,000 కిలోలతో తిరిగితే మొత్తం ఖర్చు రూ.50,000. కిలోకు పడేది రూ.2. అన్ని ట్రిప్పులు తిరిగినా 250 కిలోలే మోస్తే కిలోకు రూ.8 అవుతుంది. ట్రిప్పులు 10కి తగ్గి, ప్రతిసారీ 250 కిలోలే అయితే ఖర్చు రూ.38,000, కిలోకు రూ.15.20. టమాట ధర పడిపోయిన రోజులలో రైతుకు కిలోకు దక్కే మొత్తం ధర కూడా ఇంత ఉండదు.

ఇప్పుడు బండి ధర మరో లక్ష రూపాయలు పెరిగిందనుకొందాం. ఆ లక్షను కూడా అప్పుగా తెస్తే నెల కిస్తీ రూ.2,174 పెరుగుతుంది. నిండుగా 25 ట్రిప్పులు తిరిగే బండికి ఈ పెంపు కిలోకు 9 పైసలకు మించదు. నెలకు 2,500 కిలోలే మోసే బండికి అదే పెంపు కిలోకు 87 పైసలు. ధర పెరుగుదల అందరికీ ఒకటే అయినా, దాని దెబ్బ సగం ఖాళీగా తిరిగే బండికే గట్టిగా తగులుతుంది.

కిరాయితో పోలిక కూడా ఇదే పద్ధతిలో చేయవచ్చు. అదే దూరానికి కిరాయి రూ.2,800 అనుకొంటే, నెలకు 15 ట్రిప్పుల వద్ద సొంత బండి, కిరాయి బండి ఖర్చులు సమానమవుతాయి. అంతకు తక్కువ తిరిగే రైతుకు కిరాయి బండే మేలు.

బండి నిండాలంటే ఎంత పొలం కావాలి?

ఈ ప్రశ్నకు సమాధానం సేద్యశాస్త్రంలో ఉంది. ఎకరానికి 10 టన్నుల టమాట దిగుబడి, రెండు నెలల కోత కాలం అనుకొంటే నెలకు 5 టన్నులు వస్తుంది. నాలుగు రోజులకొక కోత చొప్పున ఒక్కో కోతలో సుమారు 670 కిలోలు. ఒక ఎకరం రైతుకు నెలలో ఏడెనిమిది ట్రిప్పులకే పని ఉంటుంది. మిగిలిన కాలమంతా బండి ఖాళీయే. నెలకు 25 టన్నులు కావాలంటే ఏ సమయంలోనైనా 5 ఎకరాలు కోతలో ఉండాలి. దుక్కి తయారీ మొదలు చివరి కోత వరకు ఒక పంటకు నాలుగున్నర నెలలు పడుతుంది కనుక, ఏడాది పొడవునా బండి నిండడానికి 11 నుంచి 12 ఎకరాల కూరగాయల సాగు అవసరం.

2015-16 వ్యవసాయ గణన ప్రకారం తెలంగాణలో సగటు కమతం ఒక హెక్టారు, అంటే సుమారు రెండున్నర ఎకరాలు. దానినంతా కూరగాయలకే కేటాయించినా ఒక బండిని నింపడానికి ఐదుగురు రైతులు కావాలి. ఒక కుటుంబం ఒక బండి కొనడం ఎందుకు భారమవుతుందో ఈ ఒక్క అంకె తెలుపుతుంది.

ఐదుగురు కలిసినంత మాత్రాన బండి నిండదు. అందరూ ఒకే వారంలో నాటితే అందరి కోతలూ ఒకేసారి వస్తాయి. ఆ రెండు నెలలు బండి చాలదు, ధర పడుతుంది. తరువాత రెండు నెలలు బండి ఇంటి ముందు నిలిచి ఉంటుంది. అందువల్ల రెండు మూడు వారాల వ్యవధితో విడతలుగా నాటుకోవాలి. వేసవిలో టమాట కాపు తగ్గినప్పుడు బెండ, బీర, సొర, దోస వంటి పంటలు ఆ లోటును పూరించేటట్లు పంటల సరళిని కూర్చుకోవాలి.

ఆకుకూరల విషయం వేరు. అవి బరువులో తేలిక, పరిమాణంలో ఎక్కువ. బండి బరువు పరిమితిని చేరకముందే చోటు నిండిపోతుంది. పైగా ఒకదానిపై ఒకటి అదిమితే వేడెక్కి వాడిపోతాయి. పాలకూర 25 నుంచి 30 రోజులకు, కొత్తిమీర 35 నుంచి 45 రోజులకు కోతకు వస్తాయి కనుక మడులను భాగాలుగా చేసి వారం వారం విత్తుకొంటే రోజూ కొంత సరుకు లభిస్తుంది. కింద టమాట, వంకాయ క్రేట్లు, పైన ఆకుకూరల కట్టలు సర్దితే బండి బరువు, చోటు రెండూ సద్వినియోగమవుతాయి.

ఉమ్మడి బండి

పై లెక్కను బట్టి వాహనానికి తగిన యజమాని రైతు బృందం లేదా రైతు ఉత్పత్తిదారుల సంఘం. 2020లో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన 10,000 రైతు ఉత్పత్తిదారుల సంఘాల పథకంలో సభ్యుని వాటాకు సమానంగా ఒక్కొక్కరికి రూ.2,000 వరకు, సంఘానికి గరిష్ఠంగా రూ.15 లక్షల వరకు మూలధన సహాయం ఉంది. సొంత మూలధనం బలపడిన సంఘానికి బ్యాంకు అప్పు సులభమవుతుంది.

సంఘం బండికి మరొక సౌలభ్యం నికరమైన కొనుగోలుదారులు. ఎస్.ఆర్.నగర్, అమీర్‌పేట హాస్టళ్ళకు ప్రతిరోజూ ఉల్లి, టమాట, వంకాయ, ఆకుకూరలు ఇంచుమించు ఒకే పరిమాణంలో కావాలి. రైతుబజారులో దిగే సరుకుతో పాటు ఇటువంటి పది మెస్సుల సరుకు ఒకే దారిలో చేరితే బండి రోజూ నిండడానికి ఆధారం దొరుకుతుంది. తిరుగు ప్రయాణంలో సభ్యుల విత్తనాలు, ఎరువులు, దాణా, ఖాళీ క్రేట్లు తెచ్చుకొంటే ఒకవైపు ఖాళీ ప్రయాణపు నష్టం తగ్గుతుంది.

చట్టపరమైన విషయాలూ ఖర్చును ప్రభావితం చేస్తాయి. మోటారు వాహనాల చట్టం ప్రకారం సరుకుతో సహా మొత్తం బరువు 3,000 కిలోలు మించని సరుకు వాహనానికి పర్మిట్ అవసరం లేదు. సరుకుతో సహా మొత్తం బరువు 7,500 కిలోల లోపు ఉన్న రవాణా వాహనాలను తేలికపాటి వాహన లైసెన్సుతో నడపవచ్చునని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2024 నవంబరులో తీర్పు చెప్పింది. అందువల్ల చాలా సందర్భాలలో రైతు కుటుంబ సభ్యుడే బండి నడపవచ్చు. ఇతరుల సరుకును కిరాయికి మోసే పక్షంలో బీమా పత్రం అందుకు తగినదై ఉండాలి. కూలీలను సరుకు బండి వెనుక ఎక్కించుకొనే అలవాటు ప్రాణాంతకం. ప్రమాదం జరిగితే బీమా రక్షణ కూడా దక్కకపోవచ్చు. ఒక్క ప్రమాదం ఐదు కుటుంబాలను అప్పులలో ముంచగలదు.

విస్తరణ సిబ్బందికి సూచనలు

బండి కొనాలని సలహా అడిగే రైతుతో విస్తరణ అధికారి ఈ క్రింది ప్రశ్నలకు సమాధానాలు రాయించాలి.

1. గత 12 నెలలలో నెలవారీగా ఎన్ని కిలోలు, ఎన్ని ట్రిప్పులలో అమ్మకానికి వెళ్ళాయి?
2. అందుకు చెల్లించిన మొత్తం కిరాయి ఎంత? కిలోకు ఎంత పడింది?
3. సరుకు అతి తక్కువగా ఉన్న మూడు నెలలలో కిస్తీ ఎక్కడి నుంచి కడతారు?
4. ఒకే దారిలో పంటను పంపే రైతులు ఇంకెందరు ఉన్నారు? వారి నాటు తేదీలు ఏమిటి?
5. సరుకు బరువుకు తగిన అతి చిన్న బండి ఏది?

ఈ సమాధానాలు లేనప్పుడు మొదటి సంవత్సరం కిరాయి బండిని కలిసి వాడుకొంటూ లెక్కలు రాసుకోవడమే ఉత్తమం. విద్యార్థులకు కూడా ఇది మంచి క్షేత్ర పరిశీలనాంశం. ఒక గ్రామాన్ని ఎంచుకొని ఏడాదిపాటు కోత తేదీలు, బరువులు, ట్రిప్పులు నమోదు చేస్తే ఆ గ్రామానికి ఎన్ని బండ్లు, ఏ పరిమాణంలో అవసరమో తేలుతుంది.

వాహనాల ధరలను, పన్నులను, వడ్డీ రేట్లను నిర్ణయించే శక్తి రైతుకు లేదు. ఏ వారంలో ఎంత విస్తీర్ణంలో నాటాలి, ఎవరితో కలిసి సరుకు పంపాలి అన్నవి మాత్రం అతని చేతిలో ఉన్నాయి. బండి కొనుగోలుకు ముందు నాటు పట్టిక సిద్ధమైతే పెరిగిన ధరను పంట భరించగలదు. పట్టిక లేకుండా కొన్న బండిని, అది ఎంత చౌకగా వచ్చినా, పొలం మోయవలసి వస్తుంది.