కీళ్లవాతానికి బయోలాజిక్ సూదులు: ఎలా పనిచేస్తాయి, ఎవరికి ఎంత మోతాదు?

రుమటాయిడ్ ఆర్థరైటిస్ మాత్రలతో అదుపులోకి రాకపోతే డాక్టర్లు ‘బయోలాజిక్’ మందులు రాస్తారు. హోసూరు, బళ్ళారి, బరంపురం లాంటి ఊళ్లలో ఉన్న మన కుటుంబాలకు ఈ మాట తమిళంలోనో, కన్నడంలోనో, ఒడియాలోనో, ఇంగ్లీషులోనో చెవినపడుతుంది. ఇంట్లో అమ్మకో అత్తకో దాన్ని తెలుగులో విడమరిచి చెప్పాల్సి వస్తే పనికొస్తుందని ఈ వివరాలు ఇస్తున్నాం.

జబ్బు ఎందుకు వస్తుంది?

ఇది వయసుతో వచ్చే కీళ్ల అరుగుదల కాదు. మనల్ని కాపాడాల్సిన రోగనిరోధక వ్యవస్థే దారితప్పి కీళ్ల లోపలి పొర మీద దాడి చేస్తుంది. ఆ పొర వాచి, క్రమంగా ఎముకను కూడా దెబ్బతీస్తుంది. మగవారికంటే ఆడవారిలోనే ఈ జబ్బు ఎక్కువ.

ఈ దాడిలో కణాలు కొన్ని ప్రోటీన్ల ద్వారా ఒకదానికొకటి కబురు పంపుకుంటాయి. వాటిలో ముఖ్యమైనవి టీఎన్ఎఫ్, ఐఎల్-6. టీఎన్ఎఫ్‌ను అడ్డుకుంటే కీళ్ల వాపు తగ్గుతుందని 1990ల మొదట్లో లండన్‌లో రవీందర్ మైనీ, మార్క్ ఫెల్డ్‌మన్ రోగులకు మందు ఇచ్చి చూపించారు. మైనీ పుట్టింది మన దేశంలోని లుధియానాలో. ఈ కృషికి ఇద్దరికీ 2003లో లాస్కర్ పురస్కారం దక్కింది.

బయోలాజిక్ మందు చేసేది ఇదే: కబురును మధ్యలో ఆపడం. ఈ మందులు కూడా ప్రోటీన్లే. మింగితే కడుపులో అరిగిపోతాయి కాబట్టి సూదిగానో, సెలైన్‌లో కలిపో ఇస్తారు.

మోతాదు ఎలా ఉంటుంది?

అడాలిముమాబ్: రెండు వారాలకోసారి 40 మిల్లీగ్రాములు, చర్మం కింద.

ఎటనర్సెప్ట్: వారానికి 50 మిల్లీగ్రాములు, చర్మం కింద.

ఇన్‌ఫ్లిక్సిమాబ్: కిలో బరువుకు 3 మిల్లీగ్రాములు, సెలైన్‌లో. మొదటి డోసు తర్వాత 2వ వారం, 6వ వారం, ఆపైన 8 వారాలకోసారి. మనిషి 60 కిలోలుంటే ఒక్కో డోసు 180 మిల్లీగ్రాములు.

రిటుక్సిమాబ్: ఇది బి-కణాలను తగ్గిస్తుంది. 1,000 మిల్లీగ్రాముల చొప్పున రెండు వారాల తేడాతో రెండు డోసులు. మళ్లీ ఎప్పుడన్నది సాధారణంగా ఆరు నెలల దరిదాపుల్లో డాక్టరు నిర్ణయిస్తారు.

ఇవి మామూలుగా మొదలుపెట్టే మోతాదులు. రోగిని బట్టి డాక్టరు మారుస్తారు. పక్కింటి వారి డోసు మన డోసు కాదు. రెండు బయోలాజిక్‌లను కలిపి వాడరు.

చాలామందికి వీటితోపాటు మెథోట్రెక్సేట్ కూడా కొనసాగుతుంది. అది వారానికి ఒక్కరోజే వేసుకోవాల్సిన మందు. పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణం మీదకు వస్తుంది.

ముందు పరీక్షలు తప్పవు

రోగనిరోధక శక్తి కొంత తగ్గుతుంది కాబట్టి ఒంట్లో అణగి ఉన్న క్షయ మళ్లీ తలెత్తవచ్చు. అందుకే ఛాతీ ఎక్స్‌రే, టీబీ పరీక్ష, హెపటైటిస్-బి పరీక్ష ముందే చేస్తారు. ఇంట్లో ఎవరికైనా ఎప్పుడైనా టీబీ వచ్చి ఉంటే దాచకుండా చెప్పాలి. జ్వరం, విడవని దగ్గు, మానని పుండు ఉంటే తర్వాతి డోసు వేసుకునే ముందే డాక్టరుకు తెలపాలి.

సూదిమందును ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. ఫ్రీజర్‌లో పెట్టకూడదు. ఊరి నుంచి ఊరికి తెచ్చుకునేటప్పుడు కూడా చల్లని పెట్టె ఉండాలి.

నొప్పి తగ్గిందని మానేయొచ్చా?

మానకూడదు. ఈ మందులు జబ్బును అదుపులో ఉంచుతాయే తప్ప వేళ్లతో పెరికివేయవు. గుణం తెలియడానికి చాలామందికి కొన్ని వారాల నుంచి మూడు నెలలు పడుతుంది. ఖర్చు భారమైతే మధ్యలో ఆపేయకుండా ఆ మాట డాక్టరుతోనే చెప్పండి. అదే మందుకు ఇతర కంపెనీలు చేసే బయోసిమిలర్‌లు తక్కువ ధరకు దొరుకుతాయి. మన దేశంలో అడాలిముమాబ్ బయోసిమిలర్ 2014లోనే వచ్చింది.

మన ఇళ్లలో తెలుగు మాట్లాడినా చదివేది తమిళమో కన్నడమో అయిన వారు చాలామంది. అందుకే మందు పేరు, మోతాదు, తర్వాతి తేదీ ఆ మనిషి చదవగలిగే లిపిలోనే రాసి ఫ్రిజ్ తలుపుకు అంటించండి. మెథోట్రెక్సేట్ వేసుకోవాల్సిన వారం పేరు కూడా పెద్ద అక్షరాల్లో రాయండి.